మోత చేసే ఫ్యాను

సియోల్‌లోని యోంగ్‌సాన్ కంప్యూటర్ బజారు. మధ్యాహ్నం పూట ఒకామె విడిభాగాల దుకాణానికి వచ్చి, సంచిలోంచి రెండు కంప్యూటర్ ఫ్యాన్లు తీసి కొట్టు నడిపే ముసలాయన ముందు పెట్టింది.

“ఇవి వెనక్కి తీసుకోండి బాబాయ్. పోయిన నెల మా ఆయన ఇక్కడే కొన్నారు.”

“ఏమ్మా, చప్పుడు చేస్తున్నాయా?”

“అస్సలు చెయ్యట్లేదు. అదే గొడవ. మోత చేసేది ఒకటివ్వండి.”

“అందరూ చప్పుడు లేనివే అడుగుతారమ్మా. ఇవి పెద్ద రెక్కలవి, నెమ్మదిగా తిరుగుతాయి. కంప్యూటర్ వేడెక్కదు, కరెంటూ తక్కువే. ఆ చిన్నవైతే జోరుగా తిరిగి హోరెత్తిస్తాయి.”

“ఆ చిన్నదే కావాలి. ఆయన ఇంట్లోనే పని చేసుకుంటారు. నేను పక్క గదిలో ఉంటాను. పాత ఫ్యాను హోరులో నా ఏడుపు ఆయనకి వినబడేది కాదు. ఇప్పుడు ముక్కు చీదినా వినబడేలా ఉంది. ఆపుకుందామంటే నా వల్ల కావట్లేదు.”

“ఎందుకమ్మా ఏడుపు?”

“మా పాప హనుల్ పోయింది. ఈ ఏడే బళ్ళో చేరాల్సింది.”

“అయ్యో తల్లీ. ఒక మాట చెప్పనా? మీ ఆయన నన్ను ధర కూడా అడగలేదు. ఇవి పెడితే పక్క గదిలో అలికిడి తెలుస్తుందా అనే అడిగాడు. మా ఆవిడ ఒక్కతే ఏడుస్తోందేమో, తెలిస్తే వెళ్ళి పక్కన కూర్చుంటాను అన్నాడు.”

“అలా అన్నారా?”

“ఇక్కడే నిలబడి అన్నాడు.”

“అయితే ఇన్నాళ్ళూ వింటూనే ఉన్నారన్నమాట.”

“మరి వచ్చాడా?”

“ఒక్కసారీ తలుపు తియ్యలేదు. ఆ మోత చేసేదే ఇవ్వండి బాబాయ్.”