తలకిందుల లోకానికి అక్షరం దిద్దిన అక్కయ్యగారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ ఐదవ తేదీ, సోమవారం ఉదయం, చేతిసంచిలో మూడు పాళీ కలాలు, ఒక సిరాబుడ్డి, గుండెల్లో గంపెడు బెదురు పెట్టుకుని ఇరవై మూడేళ్ళ యువతి ఒకరు ఈ బొమ్మల వారపత్రిక కార్యాలయపు మెట్లెక్కారు. రెండో అంతస్తులో కిటికీ పక్కన, ఒక కాలు పొట్టిదైన బల్ల ముందు ఆనాడు కూర్చున్న ఆమె, ముప్పై అయిదేళ్ళపాటు ఆ కిటికీ వెలుగులోనే వీరులకూ విరోధులకూ మాటలు అమర్చి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. కార్యాలయమంతటికీ ఆమె అక్కయ్యగారు.

ఈ ప్రత్యేక సంచికలో తమ గురించి రాయడానికి అక్కయ్యగారు ఒకే ఒక్క షరతు విధించారు: రెండు వందల పన్నెండో సంచిక విషయంలో నిజమే రాయాలి. తన కీర్తికి మూలస్తంభమైన సంచికను తానే పడగొట్టమని కోరిన ఉద్యోగిని ఈ కార్యాలయం ఇదివరకెన్నడూ చూసి ఎరుగదు. ఆ నిజం విని మూడు వారాలైంది. విన్నవారు ఇంకా దాని గురించే చెప్పుకుంటున్నారు.

ఆ రోజుల్లో చిత్రకారులు బొమ్మలు గీసి, మాటల బుడగలను ఖాళీగా వదిలేవారు. రచయితగారు ఆఖరి గడియ వరకూ సంభాషణలు మారుస్తూనే ఉండేవారు కనుక, అక్కయ్యగారు ఒక్కొక్క మాటను తెల్ల చీటీపై ముత్యాలవంటి అక్షరాలతో రాసి, వెనకవైపు వరుస సంఖ్య వేసి, నాయకుడి చీటీలు ఒక రేకు డబ్బాలో, ప్రతినాయకుడివి మరొక డబ్బాలో దాచి, శనివారం సాయంత్రం జిగురుతో అతికించేవారు. ఏ డబ్బా ఎవరిదో మూతమీద రాసి ఉండేది. అతికించిన పేజీ నేరుగా అచ్చుకు పోయేది. ఆపైన దాన్ని చదివే నాథుడు లేడు.

నాటి కథానాయకుడు ఎర్రని ఉత్తరీయం కట్టి ఆకాశంలో విహరించే వజ్రభుజుడు. అతని శత్రువు పొగమబ్బుల్లో తిరిగే ధూమకేతుడు. కథ మహా గంభీరం, పాఠకులు మహా పలచన. రెండు వందల ఇరవయ్యో సంచికతో పత్రికను మూసివేయాలని యాజమాన్యం తీర్మానించుకుంది.

తొంభై ఒకటిలో ఒక సోమవారం రెండు వందల పన్నెండో సంచిక విడుదలైంది. ఆనాటి సంపాదకులు కాఫీ తాగుతూ పేజీ తిప్పి, కప్పు పట్టుకున్న చేయి అలాగే గాలిలో ఆపేశారు. వంతెనను ఊడబెరికి నెత్తిన ఎత్తుకున్న ధూమకేతుడు, దానిమీద గజగజలాడుతున్న జనంతో అంటున్నాడు: "తల్లులారా, భయపడకండి! నా కంఠంలో ప్రాణముండగా మీమీద ఈగను కూడా వాలనివ్వను!" పిడికిలి బిగించి ఎగిరివస్తున్న వజ్రభుజుడు అంటున్నాడు: "హహ్హహ్హా! ఈ నగరంలో ఒక్క ఇటుక కూడా మిగలదు!" చివరి బొమ్మ మరీ దారుణం. పళ్ళూడి, సంకెళ్ళు పడి, జైలుకు పోతున్న ధూమకేతుడు "న్యాయం గెలిచింది! ఇక మీరంతా నిశ్చింతగా నిద్రపోండి" అని దీవిస్తుంటే, పూలదండల నడుమ నిలబడిన వజ్రభుజుడు పళ్ళు కొరుకుతున్నాడు: "మళ్ళీ వస్తాను. ఒక్కొక్కడి అంతు చూస్తాను."

సంపాదకులు కేకేశారు. "ఎవరు? ఎవరీ ఘనకార్యం చేసింది?"

"నేను సిరా చూస్తాను గానీ మాటలు చూడనండీ" అని చేతులెత్తేశారు అచ్చుయంత్రం మేస్త్రీ.

అక్కయ్యగారు లేచి నిలబడ్డారు. "నేనేనండీ." రచయితగారు పేజీ అందుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

మర్నాటినుంచి రాజీనామా పత్రం చేతిసంచిలో పెట్టుకునే ఆమె పనికి వచ్చారు. గురువారం నాడు పాఠకుల ఉత్తరాలు మూడు సంచుల నిండా వచ్చిపడ్డాయి. కడుపుబ్బ నవ్వామని కొందరు, జైలుకెళ్ళిన ఆ మంచివాడిని విడిపించమని కొందరు, ఇంత వింతలోకం ఎక్కడుందని కొందరు రాశారు. సంపాదకులు ఆమెను పిలిపించారు.

"నిజం చెప్పమ్మా. పత్రికను బతికించాలని కావాలనే మార్చావు కదూ?"

ఆమె నోరు తెరిచారు. మాట పెదవి దాటేలోపే ఆయన పకపకా నవ్వి, "ఎంత గుండె ధైర్యమమ్మా నీది!" అనేశారు. ఆ ధైర్యం ఆనాటినుంచి ఆమె ఆభరణమైంది. అడగకుండానే ఒంటికెక్కి, ఎలా తీయాలో తోచక మోయవలసిన ఆభరణం.

మరుసటి వారంనుంచి కథ అచ్చంగా మన లోకంలాగే కనిపించే మరో లోకానికి మారింది. అక్కడ వజ్రభుజుడు కాపాడడానికి వస్తున్నాడంటే జనం గబగబా తలుపులు మూసుకుంటారు, అయినా లాభముండదు, ఎందుకంటే అతడు వచ్చేది గోడలోంచే. ధూమకేతుడు ప్రపంచాన్ని సర్వనాశనం చేద్దామని బయలుదేరినప్పుడల్లా వాళ్ళ అత్తగారు వెనకనుంచి పిలిచి, "ఏమండీ అల్లుడుగారూ, ఎలాగూ అటే వెళ్తున్నారు కదా" అని ఏదో ఒక పని అప్పగిస్తారు. పత్రిక మూతపడలేదు సరికదా, దాని అమ్మకం మూడింతలైంది. రచయితగారు మాత్రం అక్కయ్యగారితో పనికి మించిన మాట మాట్లాడడం మానేశారు. అది కోపమేనని కార్యాలయం అనుకుంది. ఆమె కూడా అలాగే అనుకున్నారు.

తరువాతి కాలంలో ఆమె నలుగురు శిష్యులకు అక్షరం దిద్దించారు. రెండువేల ఆరులో కంప్యూటర్లు వచ్చినప్పుడు, నలభయ్యవ ఏట ఎలక్ట్రానిక్ పలకపై రాయడం నేర్చి, యంత్రాక్షరాలకు మానవ స్వభావం అబ్బేలా చేశారు. ప్రతి వార్షికోత్సవంలోనూ 'సాహసోపేత నిర్ణయం' అంటూ ఆమెకు శాలువా కప్పడం ఆనవాయితీ. ఆ శాలువాతో ఇంటికి వెళ్ళినప్పుడల్లా, బస్సు డిపోలో మెకానిక్ అయిన భర్త అడిగేవారట: "చెప్పేయొచ్చుగా?" ఆమె జవాబూ మారలేదట: "ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు."

ఈసారి ఈ సంచిక సంఘంవారు వ్యాసపు చిత్తుప్రతి వినిపిస్తూ 'సాహసోపేత' అన్న మాట దగ్గరికి రాగానే ఆమె చేయి అడ్డంపెట్టారు. సంఘానికి అధ్యక్షులుగా, డెబ్బై ఎనిమిదేళ్ళ రచయితగారు ఎదుటనే కూర్చుని ఉన్నారు.

"అది సాహసం కాదండీ. పొరపాటు. మూతలకు జిగురు అంటుకుందని ఆ శనివారం కడిగాను. మళ్ళీ పెట్టేటప్పుడు ఇటుది అటు, అటుది ఇటు పెట్టాను. ఇద్దరివీ పద్నాలుగేసి చీటీలు, అంకెలు సరిపోయాయి. ఇంటిదగ్గర పాపకు జ్వరం, నా ధ్యాసంతా బస్సుమీదే. ఒక్క చీటీ కూడా చదవకుండా అతికించేశాను. ఉద్యోగం పోతుందని అప్పుడు భయం. ఈ గౌరవం పోతుందని ఆ తర్వాత భయం. పోతే పోనివ్వండి, దీంతో మాత్రం నేను ఇంటికి వెళ్ళలేను."

బొమ్మలకు రంగులు వేసే అమ్మాయి "అక్కయ్యగారూ, మేమెవరికీ చెప్పం, అలాగే ఉండనివ్వండి" అని బతిమాలింది. రచయితగారు మాత్రం కుర్చీచేతులు పట్టుకుని నెమ్మదిగా లేచారు.

"పొరపాటా? నా కథ ఇంతకంటే పనికిరాదని నువ్వు ఇచ్చిన తీర్పు కాదూ అది?"

"అయ్యో! మీ కథకు తీర్పివ్వడానికి నేనెవర్నండీ?"

"మరి ముప్పై మూడేళ్ళూ నేనెవరికి భయపడి రాసినట్టు?" అన్నారాయన. "ప్రతి శుక్రవారం తలుపుసందులోంచి నీ ముఖమే చూసేవాణ్ణి తల్లీ. నువ్వు నవ్వకుండా రాస్తుంటే, ఇది కూడా తేలిపోయిందనుకుని పేజీ వెనక్కి తీసుకుని రాత్రంతా తిరగరాసేవాణ్ణి. ఒక్కసారి, ఒక్కసారైనా నవ్వావా నువ్వు?"

ఈసారి నిర్ఘాంతపోవడం అక్కయ్యగారి వంతైంది. "నవ్వితే చేయి కదులుతుందండీ! అక్షరం వంకరపోతుంది. పెదవి కొరుక్కుని రాసేదాన్ని. మీరు పేజీ వెనక్కి తీసుకుంటే, నా అక్షరాలు బాగోలేదేమోనని ఇంటికెళ్ళి సాధన చేసేదాన్ని."

"ఇంటికెళ్ళి నవ్వేదానివా?"

"బస్సులోనండీ. కండక్టరు నాకేదో అయిందనుకునేవాడు."

ఆ పెద్దాయన కుర్చీలో కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ, భుజాలు అదిరేలా నవ్వారు. ఒకరికొకరు భయపడి ఇద్దరు మనుషులు ఒక లోకాన్ని ఇంతకాలం నిలబెట్టారన్న సంగతి సంఘ సభ్యులకు అప్పుడే తెలిసింది. చివరికి చిత్తుప్రతిలోని 'సాహసోపేత' అన్న మాటను రచయితగారే స్వయంగా కొట్టివేశారు. "నిజం రాయండి. నా భయం కూడా రాయండి" అన్నారు.

అందుచేత ఇక్కడ రాయబడింది. ఆ శనివారంనాటి పొరపాటు అక్కయ్యగారిదే. దానిని తన నోటితో ఒప్పుకున్న సాహసమూ ఆమెదే, దీనికి మాత్రం ఏ శాలువా చాలదు. భర్తతో, కూతురు అల్లుళ్ళతో, ఆరోగ్యం చెక్కుచెదరకుండా ఆమె నిండు నూరేళ్ళు చల్లగా వర్ధిల్లాలని సహోద్యోగులందరూ మనసారా కోరుకుంటున్నారు. వచ్చే సోమవారంనుంచి పత్రిక ఆమె ఇంటికే వస్తుంది. చేతిలో కలం ఉండదు, దిద్దవలసిన అక్షరం ఉండదు. నోరారా, ఇరుగుపొరుగు ఉలిక్కిపడేలా, అక్కయ్యగారు ఇక పగలబడి నవ్వుదురుగాక.