ఇనుము నిలవని నీళ్ళు

ఆదివారం పొద్దున. ముందుగదిలో ఉప్పునీటి అక్వేరియం, దాన్ని ఆనుకుని ఒక బల్ల, బల్లకు అటు తండ్రి, ఇటు పదహారేళ్ళ కూతురు.

"ఇంకోసారి కడుగు తల్లీ. బిళ్ళల మీద ఆ ఎర్ర పూత ఉందే, అది ఒక్క చుక్క కూడా నీళ్ళలో పడకూడదు."

"కడిగాను నాన్నా. ఇంకా కడిగితే బిళ్ళలే కరిగిపోయేట్టున్నాయి."

"అయితే చాలు. కల్వంలో వెయ్యి. ఆ చేత్తో నోరు ముట్టుకోకు."

"ముట్టుకుంటే ఒంట్లోకి ఇనుము ఎక్కదు నాన్నా."

"ఎక్కుతుందో ఎక్కదో, వద్దు. అసలు ఇనుము బిళ్ళలు మనింటి గుమ్మం దాటి రావడమే అమ్మకి ఇష్టం లేదు. బేకరీ నుంచి వచ్చేలోపు ఇవన్నీ సర్దెయ్యాలి."

"మందుల షాపాయన అడగగానే ఇచ్చాడా?"

"ఎక్కడిచ్చాడు? డబ్బా కౌంటరు మీద పెట్టి, నా మొహం చూసి మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు. 'మూడు వారాలకోసారి మీ అమ్మాయికి రక్తం ఎక్కిస్తారు, ఆ రక్తంతో వచ్చే ఇనుము ఒంట్లో పేరుకోకుండా నా దగ్గరే మందు తీసుకెళ్తారు, మళ్ళీ ఇదేంటండీ' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"అమ్మాయికి కాదయ్యా, నాచుకి అన్నాను."

"నాచుకి అనే అన్నావా?"

"అనే అన్నాను. కాసేపు నన్నే చూసి, ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారా అని అడిగాడు."

"పాపం."

"హమ్మయ్య, నవ్వావు. గురువారం హాస్పిటల్ నుంచి వచ్చాక ఇదే మొదటిసారి."

"లేదు, నిన్న కూడా నవ్వాను. డబ్బా మీద చదివావు కదా? ఇందులో రాగి లేదు కదా?"

"రెండుసార్లు చదివాను. ఒట్టి ఇనుమే. రాగి ఉంటే మన నత్త పోస్ట్‌మాస్టరు ఒక్క రోజులో పోతాడు."

"ఎక్కడున్నాడు ఇప్పుడు?"

"ఎడమ అద్దం మీద. నీకు తెలీదా, పొద్దున్నే ఎడమ అద్దం, మధ్యాహ్నం రాళ్ళు, సాయంత్రం కాబేజీ పగడం దగ్గర. నత్తకి ఆ పేరు ఊరికే పెట్టావా నువ్వు? నూరు, మెత్తగా నూరు."

"నూరుతున్నా. కాబేజీ మరీ పాలిపోయింది నాన్నా."

"పగడం సంగతి తర్వాత. ముందు ఆ నాచు చూడు. చెయ్యి పెడితే దూరనంత దుబ్బుగా ఉండేది. ఇప్పుడు ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డలా లేదూ? ఇనుము అందక అట్లా అయింది. సరే, ఆ పొడి ఇటు పళ్ళెంలో పొయ్యి. కొంచెం, కొంచెం. ఆగు. ఊపిరి వదలకు."

"ఎందుకు?"

"నువ్వు ఊపిరి వదిలితే కాటా కదులుతోంది."

"ఇది ఎవరిది?"

"బంగారం కొట్టు వాళ్ళది. రిపేరుకిచ్చారు, రేపు ఇచ్చెయ్యాలి. చూడు, నిలబడింది. ఇరవై ఏళ్ళుగా కాటాలు బాగుచేస్తున్నాను అమ్మలూ, ఒక్కటి నేర్చుకున్నాను. మనుషులు ఏదైనా చెప్తారు. ముల్లు చెప్పిందే నిజం."

"నీళ్ళు పోయనా?"

"పొయ్యి. డిస్టిల్డ్ వాటర్ సీసా అదిగో, అది. చిటికెడు నిమ్మ ఉప్పు కూడా వెయ్యి, తుప్పు పట్టకుండా ఉంటుంది. ఇప్పుడు తిప్పు. తెల్ల పిండి అడుగున దిగుతుంది, అది వడగట్టేద్దాం. చెంచాతో వద్దు, ఆ గాజు పుల్లతో."

"నాన్నా, రెండో మంచం అక్క గురువారం రాలేదు."

"ఏ అక్క?"

"ఎప్పుడూ కిటికీ పక్కన పడుకుని రక్తం ఎక్కించుకుంటుందే. నా జడకి క్లిప్పు ఇచ్చింది."

"ఆ అమ్మాయా. రోజు మార్చుకుందేమో."

"మార్చుకోలేదు."

"ఏదైనా పని పడిందేమో తల్లీ. వడగట్టే కాగితం ఎక్కడ పెట్టావు?"

"నీ మోచెయ్యి కింద. నర్సమ్మ చెప్పింది నాన్నా. గుండెలో ఇనుము చేరిందట. పై అంతస్తులో పెట్టారట, ఎవర్నీ లోపలికి వెళ్ళనివ్వట్లేదట."

"పిల్లలతో అనే మాటలా అవి? ఎవరు ఆ నర్సు?"

"నీకు ముందే తెలుసు కదా?"

"కాగితం గరాటులో సరిగ్గా కూర్చోబెట్టు. పక్కనుంచి కారుతోంది."

"తెలుసు కదా నాన్నా?"

"తెలుసు. ఆ పిల్ల మందు సరిగ్గా వేసుకోలేదట. రెండేళ్ళు. వేసుకున్నానని చెప్పేదట. నీ సంగతి వేరు. నువ్వు ఒక్క రోజు మానావా? పొద్దున్నే ఇదే కుర్చీలో కూర్చుంటావు, బిళ్ళలు నీళ్ళలో కలుపుకుంటావు, గ్లాసు ఖాళీ చేసి నాకిస్తావు. నేనే కడుగుతాను కదా. అడుగున మందు కూడా మిగలదు."

"ఆ."

"అదే చెప్పాను డాక్టరుగారికి."

"ఎప్పుడు?"

"గురువారం. నువ్వు బయట కూర్చున్నావు. రిపోర్టు చూశాడు, ఒంట్లో ఇనుమెంతో చెప్పే ఫెరిటిన్ పద్దెనిమిది వందల నుంచి నాలుగు వేలు దాటింది. కళ్ళజోడు తీసి, 'నిజంగా తాగుతోందా అండీ' అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నా కూతురి గురించి మీకేం తెలుసు అన్నాను. ఇనుముని పట్టుకుని బయటికి తోసెయ్యడమే కదండీ మీ మందు పని, ఆ పని చెయ్యకపోతే తప్పు మందుది గానీ పిల్లది కాదు అన్నాను. గది బయటికి కూడా వినపడి ఉంటుంది."

"వినపడింది."

"వినపడనీ. అప్పుడు తగ్గాడు. 'అయితే మందు పనిచెయ్యట్లేదు, వచ్చే సోమవారం నుంచి మందెక్కించే పంపు కడదాం' అన్నాడు. పొట్ట మీద చర్మం కింద సూది, రోజుకి పది గంటలు. ముందు గుండెకి స్కానింగ్. ఏంటి, ఎందుకాపావు?"

"వడగట్టడం అయిపోయింది."

"కడుపు పట్టుకున్నావేంటి?"

"ఏం లేదు."

"నొప్పా?"

"కొంచెం."

"నిన్న కూడా బాత్రూంలో అంతసేపున్నావు. మొన్న కూడా. మందు మొదలుపెట్టిన కొత్తలో ఇట్లాగే ఉండేది నీకు. క్లాసులోంచి మూడుసార్లు లేచి పరిగెత్తాల్సొస్తోంది, అందరూ ముక్కు మూసుకుని నవ్వుతున్నారు, ఇంక బడికి పోనని ఏడ్చావు. గుర్తుందా?"

"గుర్తుంది."

"తర్వాత అలవాటైపోయింది. ఆరు వారాలైంది, కడుపు మాటే ఎత్తలేదు నువ్వు. అమ్మ ఎంత సంతోషపడిందో. మరి ఇప్పుడేంటి?"

"ఏదో తిన్నాను. పడలేదు."

"ఏం తిన్నావు?"

"ఏదో నాన్నా. సీసా ఇటివ్వు, పోస్తాను. గోధుమ రంగు సీసానా?"

"అదే. వెలుగు తగలకూడదు. చీటీ కూడా అంటించు, 'తాగరాదు' అని పెద్ద అక్షరాలతో రాయి. నీ అక్షరం బాగుంటుంది."

"ఎవరు తాగుతారు దీన్ని?"

"రాయి తల్లీ. నాకోసం రాయి."

"రాశాను. ఫ్రిజ్‌లో పెట్టనా?"

"ఆగాగు. ఇవాళ్టిది పోశాక పెడదాం. చిన్న మూత ఇటివ్వు."

"మూతెందుకు? చుక్కల గొట్టం ఉందిగా."

"చుక్కలతో అయ్యే పని కాదు. నెల రోజుల క్రితం ఐదు చుక్కలతో మొదలుపెట్టాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. పది చేశాను, ఇరవై చేశాను. బుధవారం నీళ్ళు టెస్టు చేస్తే రంగే రాలేదు, ఇనుము ఒట్టి సున్నా. పోసిందంతా ఏమైపోతోంది? ఇవాళ మూతెడు పోసేస్తాను."

"మూతెడంటే ఎక్కువ కాదూ?"

"మామూలు నీళ్ళకైతే ఎక్కువే, విషమే. కానీ లోపల ఏదో ఉంది అమ్మలూ. నేను పోసిన ఇనుముని పోసినట్టే పట్టేస్తోంది. నురుగు తీసే గిన్నె చూశావా, అందులో నీళ్ళు తుప్పు రంగులో వస్తున్నాయి. ఇనుమంతా అక్కడికే పోతోంది. పట్టేవాడు పట్టినంత పట్టాక కదా నాచుకి అందేది."

"ఏం పట్టేస్తోంది?"

"అదే అంతుపట్టడం లేదు. మేత వేసే సందు కింద, నీ కుర్చీ వైపు మూల, ఇసుకలో తెల్లటి పొడి కనిపించింది పోయిన వారం."

"ఉప్పేమో."

"ఉప్పైతే కరిగిపోదూ? ఉప్పునీళ్ళలో ఉప్పు పొడిగా ఉంటుందా?"

"సున్నం గడ్డకట్టిందేమో."

"అయ్యుంటుంది. ఏమో. కాటా తప్పు చూపించిందేమోనని అది కూడా రెండుసార్లు సరిచూశాను. బాగానే ఉంది. ఈ ఇంటికేదో పట్టింది తల్లీ. ఇందులో ఎంత పోసినా ఇనుము నిలవదు. నీ ఒంట్లో ఎంత మందు పోసినా ఇనుము దిగదు."

"నాన్నా, అట్లా అనకు."

"సరదాకన్నాను. ఏడుస్తున్నావా? పంపు గురించేనా? నేను పక్కనే ఉంటాను. సూది నేనే పెట్టడం నేర్చుకుంటాను, నా చెయ్యి వణకదు, నీకు తెలుసు."

"పంపు గురించి కాదు. ఇవాళ మళ్ళీ టెస్టు చేసి అప్పుడు పోద్దాం."

"టెస్టు మందు బుధవారంతో అయిపోయింది."

"కొత్తది కొనుక్కొచ్చాక పోద్దాం."

"అది వచ్చేసరికి వారం. అప్పటికి నాచు మిగలదు. మూత తెరువు."

"ఐదు చుక్కలే పొయ్యి."

"ఎందుకమ్మలూ అంత భయం? నీకు తెలీదు, నేను లెక్కేసుకునే పోస్తున్నాను. తొట్టి పైమూత ఎత్తు."

"నాన్నా, ఆ పట్టేసేది లోపల ఇప్పుడు లేదనుకో."

"నెల నుంచి ఉన్నది ఇవాళెందుకు పోతుంది?"

"పోయిందనుకో. అప్పుడు మూతెడు పోస్తే?"

"అప్పుడా, సాయంత్రానికి పోస్ట్‌మాస్టరు కాబేజీ దాకా రాడు. కాబేజీ కూడా ఉండదు. అనుకోవడాలెందుకు ఇప్పుడు? చెయ్యి తియ్యి తల్లీ."

"తియ్యను."

"సీసా ఒలికిపోతుంది, చెయ్యి తియ్యి. ఏంటిది? చెయ్యి చల్లగా ఉంది నీది. జ్వరమా? ఇట్రా, అమ్మకి ఫోన్ చెయ్యనా?"

"వద్దు."

"మరి చెప్పు. అంత భయపడి చెప్పలేనిది ఏముంది నా దగ్గర? డాక్టరు ముందు నీ తరఫున అరిచినవాణ్ణి."

"అందుకే నాన్నా."

"అందుకే అంటే?"

"నువ్వు అరిచావు కాబట్టే చెప్పలేకపోయాను."

"నాకర్థం కావట్లేదు. ముందు ఇది పోసేసి, తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం. జరుగు."

"పొయ్యకు నాన్నా. ఆ పట్టేసేది ఇప్పుడందులో లేదు. మూడు రోజుల నుంచి నా మందు నేనే తాగుతున్నాను."