అరసున్న ఉద్యోగం

తెనాలి స్టేషను పక్కన రాజమ్మ టీ కొట్టులో గురునాథం బల్లెక్కి కూర్చున్నాడంటే, రేపల్లె బండి కూత పెట్టినా జనం లేవరు. నగరం అనే పల్లె దగ్గర ధాన్యం కొలిచేవాళ్ళ ఇంట్లో పుట్టి, బొంబాయిలో ఏదో కంపెనీలో ఏదో పని చేసి తిరిగొచ్చినవాడు. ఆ పని ఏంటన్నది రోజుకో రకంగా చెబుతాడు. ఏ రోజు మాట ఆ రోజుకి గట్టిదే, కాదనడానికి బొంబాయి చూసినవాళ్ళు కొట్టులో ఎవరూ లేరు.

అందరూ నవ్వుకోవడానికే వస్తారు గానీ, ఆ సాయంత్రం బసవపున్నయ్య మాస్టారికి నవ్వు రావడం లేదు. అంగలకుదురు నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, శ్రీనివాసరావు ట్యుటోరియల్లో పదో తరగతికి లెక్కలు చెబుతూ ఆయన జుట్టు నెరిసింది. ఈ ఏడు కొత్త లెక్కల పుస్తకం వచ్చింది. అందులో ద్విసంఖ్యామానం అని ఒక పాఠం. ఒకటీ సున్నా తప్ప మూడో అంకె లేని లెక్కలట. మొన్న మాస్టారు బోర్డు మీద ఒకటి పక్కన సున్నా రాసి, అలవాటు కొద్దీ "పది" అన్నారు. "పది కాదండి, రెండు" అని వెనక బెంచీ లోంచి గొంతు వచ్చింది. పుస్తకం తిరగేసి చూస్తే రెండే. క్లాసంతా నవ్విన నవ్వు కరస్పాండెంటు గది దాకా వినపడింది.

ఆ కరస్పాండెంటు శ్రీనివాసరావే ఇవాళ పనిగట్టుకుని టీ కొట్టుకొచ్చి, గురునాథం ఎదురుగా కూర్చున్నాడు. "బొంబాయిలో కంప్యూటరు దగ్గర చేశావటగా అబ్బాయ్. ఆ ఒకటీ సున్నా సంగతేంటో చెప్పు, విందాం" అన్నాడు. విన్నది నచ్చితే పదో తరగతి వీడి చేతికి పోతుంది. మాస్టారికి చిన్నపిల్లల ఎక్కాలు మిగులుతాయి. ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు, అనక్కర్లేదు కూడా.

"చెప్పుకోడానికి పెద్దగా ఏం లేదండి" అని మొదలెట్టాడు గురునాథం. వాడు అలా మొదలెడితే చాలా పెద్దదే వస్తుందని కొట్టులో అందరికీ తెలుసు.

"ఆ యంత్రం మన రైసుమిల్లంత ఉంటదండి. ఒళ్ళంతా గళ్ళు, గడికో దీపం. వెలిగితే ఒకటి, ఆరితే సున్నా, అంతకు మించి దానికి ముక్క రాదు. ఆ దీపాలు చూసి పైకి చదవడం నా పని. మొదటి రోజే దొర వచ్చి చదవమన్నాడు. మనది కొలతల ఇల్లు కదండి, ధాన్యం కొలిచేటప్పుడు ఒకటిని ఒకటి అనం, లాభం అంటాం, నా నోటికి అదే వచ్చేసింది. లాభం, సున్నా, లాభం, లాభం అని చదివాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏళ్ళ తరబడి నష్టాల్లో ఉన్న కంపెనీ ఆ సాయంత్రానికల్లా లాభాల్లో పడింది."

"మరి సున్నాని ఏమనాలోయ్, మీ కొలతల్లో?" అని అడిగాడు యలమంద. ఆయన అదే ట్యుటోరియల్లో తెలుగు పండితుడు, మాస్టారికి స్నేహితుడు.

"కొలతలో సున్నా ఎక్కడిదండి? గింజలైపోతే ఇంటికెళ్ళిపోతాం."

శ్రీనివాసరావు బల్ల మీద ఇంకాస్త ముందుకు జరిగాడు. లాభం అన్న మాట ఎవరి నోట వచ్చినా ఆయన అలాగే ముందుకు జరుగుతాడు.

"ఇక కూడిక అంటారా" అన్నాడు గురునాథం, "సున్నాకి సున్నా కలిపితే సున్నా, సున్నాకి ఒకటి కలిపితే ఒకటి, అందాకా మన బడి లెక్కేనండి. ఒకటికి ఒకటి కలిపినప్పుడే తంటా. రెండు వేద్దామంటే వాళ్ళ దగ్గర రెండు లేదు. అందుకని ఆ గడిలో దీపం ఆరిపోయి, ఒకటి పక్క గడికి పోతుంది. అక్కడ దీపం ఆరి ఉందా, వెలిగించి కూర్చుంటుంది. వెలిగే ఉందా, దాన్నీ ఆర్పి ఆ పక్క గడికి పోతుంది."

మాస్టారి గ్లాసు నోటి దగ్గర ఆగిపోయింది. తొమ్మిదికి ఒకటి కలిస్తే సున్నా వేసి ఒకటి పక్క వరసకి ఇవ్వమని తను ఇన్నేళ్ళుగా చెబుతున్నదీ అదే. ఇక్కడ తొమ్మిది దాకా ఆగకుండా ఒకటి దగ్గరే చోటు నిండిపోతోంది, అంతే తేడా. అందుకే ఒకటి పక్కన సున్నా వేస్తే రెండయింది. ఇంత చిన్న ముక్క పుస్తకంలో ఎంత వెతికినా దొరకలేదు, ఈ కోతలరాయుడి నోట దొరికింది. ఆయనకు సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది.

"ఒకనాడు గళ్ళన్నీ వెలిగి ఉన్నాయండి, ఒక్క సున్నా లేదు. దొర భోజనానికి వెళ్ళాడు. మన చెయ్యి ఊరుకోదుగా, ఎంత పడుతుందో చూద్దామని ఇంకో ఒకటి వేశాను. మొదటి దీపం ఆరింది, దాని పక్కది ఆరింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా టపటపా ఆరిపోయినయి. చివరి గడి దాటాక ఆ ఒకటికి కూర్చోడానికి చోటేదండి? గోడకి కన్నం వేసుకుని బయటపడింది."

"బయటపడి?"

"టెలిగ్రాఫు తీగెక్కింది. నేను బండెక్కాను. పూనా, గుంతకల్లు, గుంటూరు, దారిలో వెలిగే దీపమల్లా ఆర్పుకుంటూ అది ముందు, దాని వెనక నేను. బాపట్లలో పెళ్ళి జరుగుతుంటే పెట్రోమాక్సు లైట్లన్నీ ఒక్కసారి ఆరినయి, పురోహితుడు పెళ్ళికొడుకు అనుకుని వంటవాడి చేత మూడు ప్రదక్షిణాలు చేయించాడు. అక్కడ సముద్రం అడ్డొచ్చేసరికి వెనక్కి తిరిగి తెనాలొచ్చింది. పోయిన వేసవిలో ఊరంతా కరెంటు పోయిందా లేదా, నువ్వు చెప్పు రాజమ్మక్కా?"

"పోనిదెప్పుడు?" అంది రాజమ్మ గ్లాసులు కడుగుతూ.

"ఆరిన దీపం దొరికితే ఆగిపోవాలి కదా అది" అన్నారు మాస్టారు. ఆ సాయంత్రం ఆయన పెదవి విప్పడం అదే మొదలు.

"అదేగా మాస్టారూ దాని ఏడుపు. ఆరిన దీపం కోసం వెతుక్కుంటోంది, ఎక్కడా దొరకట్లా."

"మన ట్యుటోరియలు వైపు రాలేదా పాపం? సాయంత్రం క్లాసుల్లో ఒక్క బల్బూ వెలగదే" అన్నాడు యలమంద. శ్రీనివాసరావు తన టీ గ్లాసులోకి చూసుకున్నాడు.

గురునాథం ఆగలేదు. "రేపల్లె లైను పట్టుకుని, రేపల్లె కూడా దాటేసి నిజాంపట్నం రేవుకి పోయింది. అక్కడ మా వీరాస్వామి పడవలో లాంతరు ఆరి ఉంది, టక్కున వెలిగించి కూర్చుంది. పైన వల వేశాం. పండుగప్ప చేప కూడా అంత గింజుకోదండి, వల సగం కాలిపోయింది. కొల్లూరు అరటాకుల్లో చుట్టుకుని, చంకలో పెట్టుకుని బొంబాయి తీసుకుపోయి దాని గడిలో దాన్ని కూర్చోబెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బెదిరిపోయి ఉంది కదండి, వెలగదు, ఆరదు, రెపరెపలాడుతోంది. ఒకటని చదవాలా సున్నా అని చదవాలా? అమెరికా నుంచి ఇంజనీర్లు దిగి తలలు పట్టుకున్నారు. అప్పుడు నేనన్నాను, దొరా, మీకు ఒకటి ఉంది, సున్నా ఉంది, మా తెలుగులో ఇంకోటుంది, అరసున్న."

యలమందకు పొలమారింది. "ఒరే నాయనా, అరసున్నని రాయడమే గానీ పలకడం లేదు కదరా. ఇప్పుడు పుస్తకాల్లోంచి కూడా తీసేస్తున్నారు."

"అందుకేనండి, ఎలాగూ ఖాళీగా ఉంది కదాని పట్టుకెళ్ళాను. పెట్టగానే యంత్రం ఒక్క గుక్కలో ఏడాది లెక్కలు కక్కేసింది. ఇవాళ ప్రపంచంలో ఎన్ని కంప్యూటర్లున్నాయో అన్నిట్లోనూ మన అరసున్నే. చంద్రుడి మీద కాలు పెట్టేముందు కూడా, అరసున్న ఉందా అని కిందికి అడిగి, ఉందంటేనే దిగారు."

అబద్ధమని శ్రీనివాసరావుకి తెలియక కాదు. కానీ ఆయన కళ్ళ ముందు ట్యుటోరియలు బోర్డు మెరుస్తోంది, దాని మీద కంప్యూటరు లెక్కలు అనీ, బొంబాయి అనుభవం అనీ ఎర్రక్షరాలు కనపడుతున్నాయి. "బాగుందబ్బాయ్. రేపట్నుంచి పదో తరగతి నువ్వే..."

"ఒక్క మాట" అన్నారు మాస్టారు. గ్లాసు కింద పెట్టేశారు. "గురునాథం, ఆ అరసున్న గడిలో దీపం వెలిగి ఉంటుందా, ఆరి ఉంటుందా?"

"సగం సగం అండి."

"సగం సంగతి యంత్రానికి తెలీదన్నావుగా ఇందాక. వెలగడం, ఆరడం తప్ప దానికి ముక్క రాదన్నావు."

"అంటే... సున్నాలో సగం మాస్టారూ. అరసున్న అంటే అదే కదండి."

"సరే. సున్నాలో సగం ఎంత?"

గురునాథం నోరు తెరిచాడు. ఆ నోట్లో ఎన్నో రైళ్ళు, సముద్రాలు పట్టాయి గానీ ఈ ప్రశ్నకి జవాబు ఒక్కటే ఉంది, అది వాడికీ తెలుసు.

"సున్నా అండి" అన్నాడు చివరికి.

"అయితే నువ్వు ప్రపంచానికి ఇచ్చింది అదన్నమాట" అన్నారు మాస్టారు.

రాజమ్మ గ్లాసులు వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యలమంద బల్ల చరిచి నవ్వాడు. నవ్వు తగ్గాక శ్రీనివాసరావు నెమ్మదిగా అడిగాడు. "మాస్టారూ, ఆ దీపాల లెక్క మీరు చెప్పగలరా?"

"చెప్పగలను. అర్థమైంది ఇప్పుడే, అదీ వీడి పుణ్యమే. కాకపోతే క్లాసులో బల్బులు వెలిగించాలి."

శ్రీనివాసరావుకి అది చేదుగానే ఉంది, అయినా తలూపాడు. తర్వాత తల దించుకుని కూర్చున్న గురునాథం భుజం తట్టాడు.

"దిగులు పడకబ్బాయ్. నీకూ ఉద్యోగం ఇస్తున్నాను. బోర్డు మీద నీ పేరు పెద్దక్షరాలతో రాయిస్తాను."

గురునాథం ముఖం మళ్ళీ వెలిగింది. "మరి నా క్లాసు ఎప్పుడండి?"

"క్లాసు లేదు. నీది అరసున్న ఉద్యోగం" అన్నాడు శ్రీనివాసరావు లేస్తూ. "నిన్ను రాస్తాం. నువ్వు పలకవు."