తెల్ల చుక్క

మెకానిక్ షెడ్డు, పొద్దున. బానెట్ ఎత్తిన కారు దగ్గర తండ్రీ కూతురూ.

"చెరిపెయ్యి ఆ ఎర్రర్ కోడ్. చెరిపేసి బండి ఇచ్చెయ్యి."

"నాన్నా, ఒక్క నిమిషం—"

"నిమిషాల్లేవు. ఆవిడ బయట కూర్చునుంది. పసిపిల్లని తీసుకుని కొండ దాటాలట, పుట్టింటికి."

"అందుకే ఆగమంటున్నా. నిన్న కూడా చెరిపావా?"

"ఎవరు, నేనా?"

"ఇక్కడున్నది మనిద్దరమేగా! చెరిపాక బండి పద్దెనిమిది కిలోమీటర్లు తిరిగిందని స్కానర్ చెబుతోంది. ఆవిడ ఇంటికెళ్లి తిరిగొచ్చేంత దూరం."

"సెన్సర్ పోయింది బుజ్జీ. కొత్తది వేశా, కోడ్ చెరిపా. అదీ తప్పేనా?"

"కొత్తది వేశాక కూడా అదే కోడ్ వచ్చింది. ఇదిగో, చూడు."

"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయా. నువ్వే చదువు."

"మొన్నా మర్చిపోయావు."

"చదువుతావా, నా మతిమరుపు లెక్కపెడతావా?"

"ఇంజన్లో పై షాఫ్టూ కింది షాఫ్టూ కలిసి తిరగట్లేదట. రెండింటినీ కలిపి తిప్పేది బెల్టు. పోయిన నెల ఆ బెల్టు మార్చింది..."

"నేనే. అయితే?"

"అయితే ఏం లేదు."

"ఈ స్కానర్ పెట్టెలు లేనప్పుడు ఇంజన్లు బాగుపడలేదా? చెవి పెట్టి వింటే చాలు, అదే చెబుతుంది."

"విన్నావుగా. ఏం చెప్పింది?"

"కాస్త ఆయాసపడుతోంది. ముసలి బండి."

"ఐదేళ్ల బండి నాన్నా."

"నువ్వు పాకే రోజుల్లో నా పానాలతో ఆడుకున్నావు. ఇప్పుడు నాకు పాఠాలా?"

"పాఠాలు కాదు. బెల్టు కవర్ విప్పి చూశా."

"నన్నడక్కుండానా?"

"నువ్వు ఆవిడతో మాట్లాడుతుంటే. బెల్టు వేసేటప్పుడు కలపాల్సిన గుర్తుల్లో కింది చక్రానిది సరిగ్గానే ఉంది. పై చక్రానిది ఒక పన్ను పక్కకి పోయింది."

"బెల్టు జారి ఉంటుంది."

"బిగువుగానే ఉంది."

"అయితే నీ కళ్లే తప్పు చూశాయి."

"నాన్నా... బెల్టు వేశాక రెండు గుర్తుల మీదా తెల్ల పెయింట్ చుక్క పెడతావు కదా?"

"పెడతా. పెట్టందే కవర్ మూయను. నా సంతకం అది."

"పై చుక్క గుర్తు మీద లేదు. పక్కన, ఉత్త ఇనుము మీద ఉంది."

"చెయ్యి వణికి ఉంటుంది."

"నీ చెయ్యి వణకదు."

"వయసొచ్చింది, వణుకుతుంది! పొద్దున్నే ఏంటీ పోలీసు ప్రశ్నలు?"

"ఒక్క పన్ను తేడాకే బలం తగ్గింది. ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ ఆగిపోతే? వెనక లారీ ఉంటే? నాకు భయమేస్తోంది నాన్నా."

"మెల్లగా మాట్లాడు. వింటుంది."

"విననీ. సాయంత్రం దాకా ఆగమందాం. బెల్టు మళ్లీ వేద్దాం. కావాలంటే అప్పుడు వేసింది నేనేనని చెప్తా."

"నోర్ముయ్. నా పనికి నువ్వు తిట్లు తినడమేంటి? అసలు తప్పంటూ ఉంటేగా! జరుగు. ఆ టార్చి ఇలా తే. గుర్తు చూపిస్తా, సరిగ్గా ఉందని నువ్వే ఒప్పుకుంటావు."

"టార్చి నేను పట్టుకుంటాలే. నువ్వు చూపించు."

"ఇదిగో, వేలు పెట్టా. ఇదే గుర్తు. కనపడిందా?"

"నాన్నా, అది బోల్టు తల."

"ఈ మూల చీకటి, అందుకే. ముందా టార్చి వెయ్యమ్మా, అప్పుడు చూపిస్తా."

"వేసే ఉంది నాన్నా. నీ వేలి మీదే పట్టుకున్నా."