ఎడమ భుజం

అద్దం పగిలిన పాత ఫోనులోంచి కొత్తదాంట్లోకి అన్నీ ఎక్కేదాకా ఫోన్ల దుకాణంలోని స్టూలు మీంచి దర్జీ అక్క కదల్లేదు.

"చౌకదే ఇమ్మన్నాను గానీ తమ్ముడూ, కొలతలు రాకపోతే నా గతేంటి? ఎనిమిదేళ్ళుగా అందరివీ అందులోనే రాసుకున్నా."

"ఒక్కటీ పోలేదక్కా. చూడండి."

"అమ్మయ్య. ఇందాకట్నించి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నా."

"ఇది నాదేనా? 'ఫోన్ల తమ్ముడు. ఎడమ భుజం అంగుళం కిందికి. లోపల మెత్త పెట్టాలి. అతనికి చెప్పకూడదు.'"

"అది చదవకు."

"నా భుజం వంకరా అక్కా?"

"నీ పెళ్ళి ఫోటోల్లో ఎలా ఉన్నావు?"

"నిటారుగానే ఉన్నా."

"ఆ చొక్కా కుట్టిందెవరు?"

"మీరే."

"మరింకేం. ఫోను ఇటివ్వు."