నాన్న తగలబెట్టిన నవల

ఇంగ్లండ్‌లోని గనుల ఊరు బార్న్‌స్లీలో మోరీన్ వంటిల్లు. నవలలు రాసే ఆమె తమ్ముడు కీత్ లండన్ నుంచి వచ్చాడు. రేపు ఊరి లైబ్రరీలో అతని కొత్త పుస్తకం సభ.

“టీ చల్లారిపోతోందిరా. వచ్చిన దగ్గర్నుంచీ నసుగుతున్నావ్. ఏంటో చెప్పు.”

“ఏం లేదక్కా. రేపు... నాన్న వస్తాడా?”

“సూటు ఇస్త్రీ చేయించుకున్నాడు. ఏం?”

“అదే... ఎనభై మూడేళ్లు. అంతసేపు కూర్చోలేడేమో. నువ్వే ఏదో ఒకటి చెప్పి...”

“ఏదో ఒకటా? కథలు అల్లేది నువ్వు కదరా. నేను బేకరీలో రొట్టెలమ్ముకునేదాన్ని.”

“వెటకారం వద్దక్కా. జనం ఆ కాగితాల సంగతి అడుగుతారు.”

“ఏ కాగితాలు?”

“తెలిసీ అడుగుతావేం?”

“నీ నోటితో విందామని.”

“నా మొదటి నవల నాన్న పొయ్యిలో పడేశాడని చెప్పాను. రేడియోలో. ఒక్కసారి.”

“ఒక్కసారా! ప్రతి పుస్తకం అట్ట వెనకాలా ఉంది. ‘గని కార్మికుడైన తండ్రి తగలబెట్టిన నవలను మళ్లీ రాసి...’ నాకు నోటికొచ్చు. ఇప్పుడు లైబ్రరీ తలుపు మీద కూడా అంటించారు.”

“అప్పుడు నాకు పాతికేళ్లు. అడిగినావిడ నోరు తెరుచుకుని వింది. లండన్ వాళ్లకి గని ఊరంటే అలాంటి కథే కావాలి. తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను.”

“అసలు జరిగిందేంటి?”

“వద్దక్కా.”

“చెప్పు.”

“బాగా రాలేదని నేనే పొయ్యిలో వేశాను. నాన్న మంటలో చెయ్యి పెట్టి లాగాడు.”

“అరచేతి నిండా మచ్చ. ఆ నెల్లోనే తను ప్రాణంగా పెంచుకున్న పందెం పావురాలన్నీ అమ్మేసి నీకు టైపు మిషను కొన్నాడు.”

“సిగ్గుతో చచ్చిపోతున్నాను. నాన్న నవలలు చదవడు కదా, తెలీదులే అనుకున్నాను.”

“అట్ట వెనకాల చదువుతాడురా. మొదటి పుస్తకం నుంచీ.”

“మరి ఇన్నేళ్లూ ఒక్క మాటైనా...”

“మొన్న క్లబ్బులో, ఆయనతో గనిలో పనిచేసిన రాన్ బాబాయ్ అందరి ముందూ నిలదీశాడు. ‘ఏం వాల్టర్, కన్నకొడుకు రాతలు తగలబెట్టావా?’ అని.”

“నాన్న ఏమన్నాడు?”

“‘అవును, తగలబెట్టాను’ అన్నాడు. అప్పట్నుంచీ ఆయనతో ఎవరూ డామినోలు ఆడటం లేదు.”

“అక్కా...”

“ఆగు, ఇంకా ఉంది. నిన్ను ఒక్క మాట అడగమన్నాడు. రేపు చేతులకి గ్లవుజులు తొడుక్కుంటే రావచ్చా, అని.”