చేబదులు మొక్కలు

మొన్నమొన్ననే స్టాక్ మార్కెట్ మెట్లెక్కిన కడియం నర్సరీ కంపెనీ. ఛైర్మన్ గణేష్‌బాబు గదిలో ఆయన మేనకోడలు నాగదుర్గ తలుపు వేసి మరీ నిలదీస్తోంది. కంపెనీ లెక్కలన్నిటికీ జవాబుదారీ ఆమే, పాపం.

“అవి మన మొక్కలు కావు మావయ్యా.”

“మన తోటలో ఉన్నాయి కదమ్మా?”

“మన తోటలో ఉంటే మనవైపోతాయా? ఇవాళ పొద్దున్నే వెళ్ళి చూశాను. సగం మొక్కలకి నీలం కవర్లు. అవి పక్కతోట పోతురాజు గారివి. మనవన్నీ నల్ల కవర్లే. మొన్నంతా ట్రాక్టర్లు తిరిగింది ఇందుకా?”

“చేబదులు తెచ్చుకున్నాం. కడియంలో ఎవరు తెచ్చుకోరు చెప్పు? లారీ నిండకపోతే పక్కతోటలోంచి తెచ్చుకుంటాం, వాళ్ళకి తక్కువైతే మనం ఇస్తాం. మా నాన్నగారి కాలం నుంచీ అంతే. ఒక్క కాగితమ్ముక్క ఉందా? ఒక్క గొడవ ఉందా?”

“లారీకి తెచ్చుకుంటే నేనెందుకు అడుగుతానండీ? ఆడిటర్ గారు లెక్కపెట్టే రోజుకి తెచ్చారు!”

“తోట బోసిగా కనపడితే బావుంటుందా? పెళ్ళిచూపులకి పక్కింట్లోంచి కుర్చీలు తెచ్చుకోమూ?”

“కుర్చీలు మావేనని రాసివ్వం కదా! ఆడిటర్ వీరబ్రహ్మం గారు ఆ మొక్కల్ని కూడా మన ఆస్తిలో కలిపేశారు నిన్న.”

“కలిపేశారా? హమ్మయ్య.”

“హమ్మయ్య ఏంటండీ! మన తరఫున మొక్కలు లెక్కపెట్టేది వీరబాబు గారు, రాసేది వీరబాబు గారు, సరిపోయిందని ఒప్పుకునేదీ వీరబాబు గారే. తప్పు జరిగితే పట్టుకోడానికి ఇంకో మనిషి ఉండాలా వద్దా?”

“వీరబాబు ఎవరమ్మా? మీ అత్తయ్య తమ్ముడు. సొంతవాడు తప్పు చేస్తాడా?”

“ఇదిగో, ఈ మాటే మన కొంప ముంచేది. ఇంటి వ్యాపారంగా ఉన్నన్నాళ్ళూ చెల్లింది. ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా మనల్ని నమ్మి షేర్లు కొన్నారు. మా అమ్మా కొంది.”

“అదే చెబుతున్నా. షేరు పడిపోతే అక్కయ్య మొహం చూడగలవా?”

“చూడలేను.”

“మరి?”

“మరి ఏంటి? మా కంపెనీలో అన్నిటికీ తనిఖీ ఉంది, ఎక్కడా లొసుగు లేదు అని నా పేరు మీద సంతకం పెట్టి రాసివ్వాలా? రేపు బయటపడితే నా సీఏ చదువంతా గంగలో కలుస్తుంది. పోలీసులొచ్చినా నా ఇంటికే వస్తారు.”

“ఛ ఛ! శుభమా అని కంపెనీ పైకొస్తుంటే ఆ మాటలేంటి? మజ్జిగ తాగు, ఎండనపడి తిరిగొచ్చావు.”

“నాకొద్దు.”

“వీరబ్రహ్మం గారు గెస్ట్‌హౌస్‌లో భోజనానికి కూర్చున్నారు. పనసపొట్టు కూర చేయించాను. అమ్మాయిగారు రారేంటని అడుగుతున్నారు. వచ్చి నవ్వుతూ రెండు ముక్కలు మాట్లాడు, చాలు.”

“వస్తాను. వచ్చి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.”

“దుర్గా!”

“చెప్పేస్తాను మావయ్యా. మా దగ్గర లోపం ఉంది, సరిచేసుకుంటాం అని ఇప్పుడే ఒప్పుకుంటే షేరు కొంచెం పడుతుంది, మళ్ళీ లేస్తుంది. అబద్ధం రాసిచ్చి దొరికిపోతే మాత్రం లేవలేం. నన్ను చంపినా ఆ కాగితం మీద సంతకం పెట్టను.”





“నీకింత పట్టుదల ఉందనుకోలేదమ్మా.”

“మీరు ఎన్ని చెప్పినా అంతే. పెట్టనంటే పెట్టను.”

“నేను నిన్ను సంతకం అడిగానా?”

“ఆఁ?”

“వచ్చిన దగ్గర్నుంచీ సంతకం, సంతకం అంటున్నావు. నేను ఒక్కసారైనా అడిగానా?”

“అడగలేదు… ఎందుకడగలేదు? మావయ్యా, నా డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్ ఎక్కడుంది?”

“మా పూజగదిలోనే ఉంది. ఉద్యోగంలో చేరిన రోజున నువ్వే కదమ్మా దేవుడి దగ్గర పెట్టి, దాని పిన్ నంబరు కూడా మీ అత్తయ్యకి చెప్పి వెళ్ళావు. పదకొండు దాటితే వర్జ్యం అన్నారు పంతులుగారు, నువ్వేమో తోటలో తిరుగుతున్నావు… అందుకని పొద్దున్నే వీరబాబు చేత ఆ కాగితం మీద నీ సంతకం పెట్టించి పంపించేశాను.”